అమ్మకపు కబురు (ఖమ్మం ప్రాంతం)

ఇల్లు అమ్మకానికి ఉందన్న సంగతి కొనేవాళ్లకు చేరే, లేదా చేరకుండా ఆగే తీరు. అమెరికాలో ఏజెంట్లకు ఉమ్మడి జాబితాలున్నాయి. ఖమ్మం నగరంలో కలిసిన ఖానాపురం హవేలిలాంటి చోట గేటుకు కట్టిన ‘ఇల్లు అమ్మబడును’ బోర్డు, మధ్యవర్తి ఫోనే చాలావరకు దిక్కు. పరువు కోసమో, అప్పులవాళ్లకు తెలియకూడదనో బోర్డు కట్టనివారూ ఉంటారు; అప్పుడు కబురు మధ్యవర్తి గుప్పిట్లోనే.

ప్రకటనకు చట్టం హద్దులూ ఉన్నాయి. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్ల స్థలం లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన కొత్త ప్రాజెక్టును నమోదు చేయకుండా ప్రకటించకూడదు. సొంతిల్లు తిరిగి అమ్ముకునేవారికి ఈ నియమం లేదు.

భద్రాచలం ఏజెన్సీ (షెడ్యూల్డ్ ప్రాంతం)లో కథ వేరు. 1/70 చట్టం గిరిజనేతరులకు స్థిరాస్తి బదిలీ చెల్లదంటుంది. అందుకే అక్కడ గిరిజనేతరులు కొనే బేరాలు తరచూ తెల్లకాగితాల మీద నడుస్తాయి. అవి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసినా కనబడవు.