మతి చెదిరినవారి పక్షమున నిలిచినవారు

మన డయోసిస్ శతాబ్ది ఉత్సవముల సందర్భమున వెలువడుచున్న ఈ సంచికలో దేవాలయములను గూర్చియు, బడులను గూర్చియు, తొలి సేవకులను గూర్చియు అనేకులు వ్రాయుచున్నారు. మేము మాత్రము సంఘ చరిత్రలలో అరుదుగా కనుపించు ఒక వర్గమును గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి. వారు మానసిక వ్యాధిచే బాధపడువారు.

జ్వరము వచ్చినను, క్షయ సోకినను, గుండె ఆపరేషను జరిగినను ప్రార్థనా విన్నపములలో పేరు చదివించుకొనుటకు మనకు బిడియము లేదు. కాని ఒక ఇంట మతి చలించిన బిడ్డ యున్నచో ఆ ఇంటి తలుపు మూయబడును. చెల్లెలికి సంబంధము కుదరదేమోయను భయము, ఎవరి పాపమో యని జనులు అందురేమోయను సిగ్గు. తెలంగాణములో 'ఎర్రగడ్డకు పంపవలెను' అనియు, కోస్తాలో 'వైజాగుకు పంపవలెను' అనియు నవ్వులాటకు అనుకొనుట మనమందరము వినుచున్నదే. ఆ నవ్వు వెనుక బెంచీలో కూర్చున్న ఒక తల్లి గుండెకు తగులుచున్నదని ఎవరును తలంచరు.

ఇది కొద్దిమంది సంగతి కాదు. 2015-16లో బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ జరిపిన జాతీయ సర్వేలో, మద్యపాన వ్యసనమును కూడ కలుపుకొని, వయోజనులలో 10.6 శాతము మందికి ఏదో యొక మానసిక రుగ్మత యున్నట్లు తేలినది. అనగా 200 మంది పెద్దలు గల సంఘములో సుమారు 20 మంది. వ్యాధిని బట్టి వీరిలో 70 నుండి 92 శాతము వరకు చికిత్స పొందుటలేదని కూడ ఆ సర్వేయే తెలిపినది. చికిత్స లేకపోవుటకు ఆసుపత్రుల కొరత ఒక కారణమైతే, సిగ్గు మరియొక కారణము. ఈ సిగ్గును పూర్వులు ఎట్లు జయించిరో తెలిసికొనుటకే ఈ చరిత్ర.

గీల్ పట్టణపు గృహములు

బెల్జియము దేశములో గీల్ అను చిన్న పట్టణము కలదు. డింఫ్నా అను ఐర్లండు రాజకుమార్తె అచ్చట హతసాక్షి యైనదని ఒక పురాతన ఐతిహ్యము. ఆమె పేరిట కట్టబడిన దేవాలయమునకు మధ్యయుగములో మతి చెదిరినవారిని దూర ప్రాంతముల నుండి తీసికొని వచ్చెడివారు. దేవాలయమునకు చేర్చి కట్టిన గదులు వచ్చినవారికి చాలలేదు. అప్పుడు ఆ ఊరి రైతులు తమ ఇండ్లలో వారికి చోటిచ్చిరి. కొన్ని దినములకని వచ్చినవారు నెలలు, సంవత్సరములు, కొందరు జీవితాంతము ఆ కుటుంబములతో ఉండిపోయిరి. అదే బల్ల యొద్ద భోజనము, అదే పొలములో పని. ఊరి పిల్లలు వారిని చూచి భయపడక వారితో కలిసి పెరిగిరి.

1850లో ఈ పద్ధతి ప్రభుత్వ పర్యవేక్షణ క్రిందికి వచ్చినది. తరువాత అచ్చట వైద్యులును, ఆసుపత్రియు ఏర్పడిరి. 1930ల చివర ఒక్క గీల్ పట్టణములో 3,700 మందికి పైగా రోగులు కుటుంబముల యొద్ద నివసించుచుండిరి. నేడు ఆ సంఖ్య చాల తగ్గినను ఆ ఆచారము నిలిచియే యున్నది. ఆ రైతులు వైద్యము నేర్చినవారు కారు. వారు చేసినదెల్ల రోగిని పేరు పెట్టి పిలిచి, ఇంటివానిగా ఎంచుట.

ఒక విధవరాలి మరణము

అన్ని చోట్ల అట్లు జరుగలేదు. లండనులో 1247లో బెత్లెహేము పేరిట స్థాపింపబడిన మఠము కాలక్రమమున మానసిక రోగుల ఆసుపత్రిగా మారినది. రక్షకుని జన్మస్థలము పేరు పెట్టుకొన్న ఆ చోటనే రోగులను గొలుసులతో బంధించిరి. 18వ శతాబ్దములో జనులు డబ్బిచ్చి, వేడుక చూచుటకు వచ్చినట్లు, వారిని చూచి పోయెడివారు. 1770లో గాని ఆ వాడుక అరికట్టబడలేదు. ఆ ఆసుపత్రి పేరే 'బెడ్లాం'గా మారి, ఆంగ్ల భాషలో గందరగోళమునకు మారుపేరైనది.

1790లో హన్నా మిల్స్ అను విధవరాలు యార్కు నగరపు ఆసుపత్రిలో చేర్పబడినది. ఆమె క్వేకరు సంఘ సభ్యురాలు. బంధువులు దూరమున నుండుటచేత, ఆమెను పరామర్శింపుమని యార్కులోని తోటి సభ్యులను కోరిరి. వారు వెళ్లగా లోపలికి రానీయలేదు. కొద్ది వారములకే ఆమె అచ్చట మరణించినది. ఆ మూసిన తలుపుల వెనుక ఏమి జరిగినదో ఆమె వారికెవరికిని తెలియలేదు.

ఆ వార్త విలియం ట్యూక్ అను టీ, కాఫీ వర్తకుని మనస్సును కలచివేసినది. అతడు వైద్యుడు కాడు. తన సంఘస్థులను ఒప్పించి, చందాలు ప్రోగుచేసి, 1796లో 'రిట్రీట్' అను గృహమును తెరచెను. సుమారు 30 మందికి సరిపడు ఇల్లు, చుట్టు తోట, పెంపుడు జంతువులు, కుట్టుపని, తోటపని, మర్యాదగా మాటలాడు పరిచారకులు. గొలుసులు లేవు, కొట్టుట లేదు. బంధించుట తప్పనిసరి యైనప్పుడు మాత్రమే, కొద్దిసేపు. 1813లో అతని మనుమడు శామ్యూల్ ట్యూక్ ఈ గృహమును గూర్చి వ్రాసిన గ్రంథము అనేక దేశములలో చదువబడినది. అదే కాలమున యార్కు ఆసుపత్రి దురాగతములు బయటపడగా, 1815లో బ్రిటిషు పార్లమెంటు విచారణ సంఘమును నియమించెను.

అదే కాలమున ఫ్రాన్సు దేశములో ఫిలిప్ పినెల్ అను వైద్యుడు పారిసు ఆసుపత్రులలో ఇట్టి మార్పులే తెచ్చెను. చిత్రపటములలో గొలుసులు విప్పించు ఘనత పినెల్‌కే ఇయ్యబడినది. కాని బీసెత్ర్ ఆసుపత్రిలో 1797లో మొదట ఆ పని చేసినది జాన్ బప్తిస్త్ ప్యుస్సాన్ అను పర్యవేక్షకుడు. అతడు ఒకప్పుడు గండమాల వ్యాధితో ఆ ఆసుపత్రిలోనే రోగిగా చేరి, స్వస్థపడి, అచ్చటనే ఉద్యోగియైనవాడు. మంచముపై పండుకొన్నవాని బాధ వానికి తెలియును.

అమెరికాలో 1841లో డొరొతియా డిక్స్ అను ఉపాధ్యాయిని ఒక చెరసాలలోని స్త్రీలకు ఆదివారపు పాఠము చెప్పుటకు వెళ్లెను. నేరము చేయని మతిలేని స్త్రీలను చలిమంటయైన లేని గదులలో ఖైదీలతో కలిపి యుంచుట ఆమె చూచెను. పాఠము ముగించుకొని ఇంటికి పోయి ఊరకుండలేదు. మసాచుసెట్సు రాష్ట్రములోని చెరసాలలు, బీదల గృహములు తిరిగి, చూచినదంతయు వ్రాసి, 1843లో శాసనసభకు మహజరు సమర్పించెను. ఆమె కృషివలన అనేక రాష్ట్రములలో ఆసుపత్రులు వెలసినవి.

అయితే ఆ శతాబ్దము గడచుసరికి ఈ ఆసుపత్రులే వందలు, వేల మందితో క్రిక్కిరిసి, ఊరికి దూరమున నున్న కొట్లవలె మారినవి. ట్యూక్ గృహములోని చనువు అచ్చట నిలువలేదు. గోడలు మిగిలినవి.

మన దేశములో

మన దేశములోను బ్రిటిషువారు కట్టినవి అట్టి గోడలే. 1912 నాటి చట్టము పేరే 'ఇండియన్ లూనసీ యాక్టు'. 1946లో భోర్ కమిటీ నివేదిక వెలువడునాటికి దాదాపు 40 కోట్ల జనాభాకు మానసిక ఆసుపత్రులలో ఉన్న మంచములు సుమారు 10,000 మాత్రమే.

1950 తరువాత రెండు గొప్ప మార్పులు వచ్చినవి. మొదటిది మందు. 1952లో పారిసులో క్లోర్‌ప్రోమజిన్ అను మందు తీవ్ర మానసిక రోగములపై పనిచేయునని తేలినది. అంతకుముందే 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లిథియము ఉపయోగమును కనుగొనెను. అంతవరకు గొలుసులతో గాని అదుపు కారనుకొన్నవారు మందులతో నెమ్మదించి, మాటలాడి, ఇంటికి పోగలిగిరి.

రెండవ మార్పు మన దేశమునందే పుట్టినది. 1950లలో అమృతసర్ మానసిక ఆసుపత్రి రోగులతో నిండిపోయి యుండెను. దాని అధిపతి డాక్టరు విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో గుడారములు వేయించి, రోగుల కుటుంబములను అందులో ఉండుడని పిలిచెను. తల్లి వండిపెట్టును, అన్న ప్రక్కన కూర్చుండును, డాక్టరు వారికి వ్యాధిని గూర్చి బోధించును. రోగులు త్వరగా కోలుకొనిరి. అంతకంటె ముఖ్యముగా, వారిని ఆసుపత్రిలో విడిచిపోవువారు తగ్గిరి.

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు 1957లో బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రమును తెరచినప్పుడు ఇదే పద్ధతిని అనుసరించిరి. రోగితోపాటు కుటుంబ సభ్యుడొకడు అచ్చటనే నివసించి చికిత్సలో పాలుపొందవలెను. చిత్తూరు సరిహద్దు దాటిన వెంటనే యున్న వేలూరుకు మన తెలుగు జనులు ఎందరో పోవుచున్నారు గనుక ఈ సంగతి మనలో కొందరికి స్వానుభవమే. పాశ్చాత్య దేశములు కుటుంబమును గేటు బయట నిలిపిన కాలములో, నర్సులు చాలని మన బీద దేశము కుటుంబమును లోపలికి పిలిచినది. కొరత చూపిన మార్గము మేలైన మార్గమైనది.

లక్నోలోని నూర్ మంజిల్ ఆసుపత్రి చరిత్రయు గమనింపదగినది. దానిని 1950లో స్థాపించినవారు మెథడిస్టు మిషనరీ ఇ. స్టాన్లీ జోన్సు గారు. 1907లో మన దేశమునకు వచ్చిన ఆయన, తొలి సంవత్సరములలో పని ఒత్తిడిచే మానసికముగాను శారీరకముగాను పలుమారులు కుప్పకూలిపోయిరి. ఆ సంగతిని ఆయన దాచలేదు. తన గ్రంథములలో వ్రాసిరి, తరువాత ఇట్టి రోగులకొరకు ఆసుపత్రిని కట్టిరి. అంతటి సువార్తికునికి వచ్చిన వ్యాధి అవిశ్వాస ఫలమని మనలో ఎవరైన అనగలరా?

ఏర్వాడి జ్ఞాపకము

ఈ చరిత్రలో ఒక చీకటి దినమును కూడ చెప్పక తప్పదు. 2001 ఆగష్టు 6వ తేదీ తెల్లవారుజామున తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకు స్వస్థత కోరి వచ్చిన మానసిక రోగులను ఉంచిన ఒక పాకలో నిప్పంటుకొన్నది. రోగులు గొలుసులతో కట్టబడి యుండిరి. పారిపోలేక 28 మంది చనిపోయిరి. వారిని అచ్చట దింపినవారు శత్రువులు కారు. ఎక్కడికి పోవలెనో తోచని తల్లిదండ్రులు, అన్నదమ్ములు.

ఇది ఒక మతమువారి తప్పుగా ఎంచి మనము చేతులు దులుపుకొనరాదు. దయ్యము పట్టినదని చెప్పి రోగిని కట్టివేయుట, ఉపవాసముంచుట, మందులు మానిపించుట ఏ ప్రార్థనా స్థలములో జరిగినను ఏర్వాడి దూరము లేదు. 2017లో చేయబడి 2018 నుండి అమలులో నున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని ఏ విధముగాను గొలుసులతో బంధింపరాదని శాసించినది. ఆత్మహత్యా ప్రయత్నము చేసినవానిని తీవ్ర ఒత్తిడిలో నున్నవానిగా ఎంచి, శిక్షకు బదులు సంరక్షణ ఇయ్యవలెనని చెప్పినది. గొలుసు వేయుట నేడు భక్తియు కాదు, వైద్యమును కాదు, చట్టరీత్యా నిషిద్ధము.

ప్రార్థింపవద్దని మేము చెప్పుట లేదు. ప్రార్థన చేయుచు ఇన్సులిన్ తీసికొనువానిని విశ్వాసము లేనివాడని మనము అనము గదా. మనస్సు వ్యాధికి మాత్రము వేరొక కొలత ఏల?

రాకమునుపే చేయదగినది

వ్యాధి ముదరక మునుపే ఆదుకొనుటకు జింబాబ్వే దేశము ఒక దారి చూపినది. 2006లో అచ్చటి వైద్యుడు డిక్సన్ చిబాండా, వైద్యులు చాలని చోట, నానమ్మ, అమ్మమ్మ వయస్సు గల స్త్రీలకు తర్ఫీదు ఇచ్చి, ఆరోగ్య కేంద్రముల ఆవరణలో బెంచీలపై కూర్చుండబెట్టెను. వారు దిగులుతో నున్నవారి మాట విందురు, సమస్యలలో ఒకదానిని ఎంచుకొని దానికి మార్గము వెదకుటకు తోడ్పడుదురు. 2016లో ప్రచురింపబడిన పరిశోధనలో, 573 మందిని పరీక్షింపగా, ఈ బెంచీ యొద్ద మాటలాడినవారికి దిగులు, ఆందోళన బాగుగా తగ్గినట్లు తేలినది. మన పాస్టరేట్లలో బెంచీలకు కొదువ లేదు, వినగల పెద్దమ్మలకును కొదువ లేదు. కావలసినది తర్ఫీదు, రహస్యము కాపాడు నోరు.

గమనింపవలసిన గురుతులు ఇవి. రెండు వారములకు మించి నిద్ర, ఆకలి చెడుట, ఇష్టమైన పనులయందు ఆసక్తి పోవుట, కారణము లేని అనుమానములు, లేని మాటలు వినబడుట, కాన్పు తరువాత తల్లి బిడ్డను పట్టించుకొనకుండుట, పెరుగుచున్న త్రాగుడు, చావును గూర్చిన మాటలు. చావు మాట ఎత్తినవానిని ఒంటరిగా విడువరాదు. పురుగుల మందు ఇంటిలో అందుబాటులో ఉంచరాదు. ప్రభుత్వమువారు 2022 అక్టోబరు 10న ఆరంభించిన 'టెలి మానస్' సేవకు 14416 నంబరుకు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. మందులు మొదలుపెట్టినవారు, బాగున్నదని తలంచి, డాక్టరును అడుగకుండ మానరాదు.

గెరాసేనుల దేశములో సమాధుల మధ్య నివసించినవాని కథ మనకు తెలిసినదే. ఊరివారు వానికి గొలుసులే వేసిరి. ప్రభువు వానిని తన ఇంటివారి యొద్దకు పంపెను. ఇంటికి తిరిగి వచ్చినవానికి తలుపు తెరచుట ఇంటివారి పని, ఆరాధనలో ప్రక్కకు జరిగి చోటిచ్చుట సంఘము పని. రెండవ శతాబ్దిలోనికి అడుగిడుచున్న మన సంఘములలో ప్రార్థనా విన్నపములు చదువబడునప్పుడు, మతి చెదిరిన బిడ్డ పేరును కూడ ఒక తల్లి తల యెత్తి చదివించుకొనగల దినము రావలెనని మేము కోరుచున్నాము.