పిలవని ఉత్తరాలు: యాభై ఏళ్ల పోరు

ఒడిశాలోని గంజాం, సూరత్ మరమగ్గాలకు మనుషుల్ని పంపే జిల్లా. అక్కడి పొలసర లాంటి ఊళ్లలో ‘విదేశంలో కొలువు, ముందు ఫీజు కట్టండి’ అనే మెయిలు ఎవరి ఆశ మీద వల వేస్తుందో వేరే చెప్పక్కర్లేదు. పంపేవాడికి దాదాపు ఖర్చే లేదు. లక్షమందిలో ఒక్కడు నమ్మినా గిట్టుబాటే. యాభై ఏళ్ల పోరంతా ఈ లెక్కను తలకిందులు చేయడానికే.

1975లోనే తొలితరం ఇంటర్నెట్ ఇంజినీరు జాన్ పోస్టెల్ హెచ్చరించాడు: అక్కర్లేని సందేశాలను వద్దనే దారి అందుకునే కంప్యూటరుకు లేదని. 1978 మే నెలలో కంప్యూటర్ల కంపెనీ డెక్ ఉద్యోగి గ్యారీ థర్క్ సుమారు 400 మందికి ఒకే ప్రకటన పంపాడు. చీవాట్లు తిన్నాడు, సరుకూ అమ్ముకున్నానని తర్వాత చెప్పుకున్నాడు. అక్కడే అసలు చిక్కుంది.

1994 ఏప్రిల్‌లో కాంటర్, సీగెల్ అనే లాయరు దంపతులు గ్రీన్ కార్డ్ లాటరీ ప్రకటనను యూజ్‌నెట్‌లోని వేల చర్చాబృందాల మీద కుమ్మరించారు. భారత్‌లో పుట్టినవారు అర్హులు కారని ఆ ప్రకటనలోనే ఉంది! ఎవరికి పనికొస్తుందో చూడకుండా అందరి మీదా చల్లడమే స్పామ్ అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఆ తర్వాత ఎదురుదాడి మొదలైంది. పాల్ విక్సీ బృందం, 1998లో మొదలైన స్పామ్‌హౌస్ సంస్థ చెడ్డ సర్వర్ల నల్లజాబితాలు పెట్టాయి. వాటిలో అమాయకులూ ఇరుక్కున్నారు. 2002లో పాల్ గ్రాహం మాటల సంభావ్యతతో స్పామును పట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. స్పామర్లు అక్షరాలు మార్చి, బొమ్మల్లో రాసి తప్పించుకున్నారు. నాకు నచ్చిన ఆలోచన మాత్రం 1992లో పరిశోధకులు డ్వర్క్, నవోర్‌లు ప్రతిపాదించినది: ప్రతి మెయిలుకూ పంపేవాడి కంప్యూటరు కాస్త చెమటోడ్చాలి. అలాంటిదే ఆడమ్ బ్యాక్ 1997 నాటి హ్యాష్‌క్యాష్. మెయిలును కాపాడలేదు గానీ బిట్‌కాయిన్‌కు మూలమైంది.

చట్టాల సంగతి అంతంతమాత్రం. 2003 అమెరికా చట్టం ‘వద్దు’ అని చెప్పేదాకా పంపుకోనిచ్చింది. రెండేళ్లలో స్పామ్ పోతుందని 2004లో బిల్ గేట్స్ అన్నాడు, పోలేదు. 2008 నవంబరులో మెకోలో అనే ఒక్క హోస్టింగు కంపెనీకి నెట్ కోస్తే ప్రపంచ స్పామ్ సగానికి పైగా పడిపోయింది. కొన్నాళ్లకు మళ్లీ లేచింది.

మన దేశంలో మెయిలు వేధింపును, పంపినవాడెవరో దాచే మోసాన్ని తాకిన నిబంధన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌లో ఉండేది. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. భావప్రకటన స్వేచ్ఛ కోసం ఆ తీర్పు రావలసిందే. దాంతో పాటే ఈ ముక్కా పోయింది, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2010, 2018 నిబంధనలు కాల్స్‌కూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే, మెయిలుకు కాదు.

చివరికి గట్టి దెబ్బ కొట్టింది గుర్తింపు తనిఖీ. మెయిలు నిజంగా ఏ డొమైన్ నుంచి వచ్చిందో తనిఖీ చేసే ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ ఏళ్లుగా ఉన్నాయి. పెద్ద సంఖ్యలో (గూగుల్ లెక్కలో రోజుకు సుమారు 5,000, ఆపైన) మెయిళ్లు పంపేవారికి 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ వాటిని తప్పనిసరి చేశాయి. ప్రభుత్వాలు చేయలేనిది రెండు కంపెనీలు చేశాయి. ఏ మెయిలు లోపలికి రావాలో తేల్చే తాళంచెవి వాటి చేతిలోనే ఉండటం నాకు మింగుడుపడదు.

పొలసరలోనైనా ఇంకెక్కడైనా, అలాంటి మెయిలు వస్తే ఊరికే తీసేయకండి, ‘స్పామ్’ అని గుర్తు పెట్టండి. జవాబివ్వకండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.