కరవులో నిగ్రహం: ఒంగోలు–కనిగిరి ప్రాంతం, 1876–78

1876–78 నాటి మహా కరవును వర్షాభావంగా మాత్రమే చూస్తే దాని స్వరూపం పూర్తిగా అర్థం కాదు. అది తీవ్రమైన ఆర్థిక సంక్షోభం కూడా. ధాన్యం ధరలు పెరిగాయి, కూలిపనులు ఆగిపోయాయి. ధాన్యం ఉన్నచోట కూడా పేదలకు కొనే శక్తి లేకపోయింది.

ఒంగోలు, కనిగిరి తాలూకాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో భాగం. మెట్ట గ్రామాల్లో రైతులకు కావలసిన చెప్పులు, బావినీరు తోడే తోలు బానలు మాదిగలు తయారుచేసి ఇచ్చేవారు. అందుకు ప్రతిఫలంగా కళ్లంలో కొంత ధాన్యం పొందేవారు. పంట పోయిన ఏడు ఆ ధాన్యమూ పోయింది. భూమి లేని ఈ కుటుంబాలకు వేరే ఆధారం లేదు.

ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్వకాన్ని కరవు పనిగా చేపట్టింది. ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఇ. క్లౌ అందులో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకున్నారు. యువకుడిగా ఉన్నప్పుడు సర్వే పని చేసిన అనుభవం ఆయనకు ఉంది. తన బోధకులనే మేస్త్రీలుగా నియమించారు. కులం పేరుతో అవమానించే పర్యవేక్షకుడు లేని చోట పని దొరకడం మాదిగలకు కూలితో సమానంగా విలువైన విషయం.

ఈ కాలంలో వేలమంది బాప్తిస్మం కోరారు. ఆకలి తీరుతుందన్న ఆశతో మతం మారకూడదని భావించిన క్లౌ, సహాయక కార్యక్రమాలు ముగిసేవరకు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంవత్సరం మొత్తం సంఖ్య తొమ్మిది వేలు దాటింది.

ఈ విజయాన్ని ఒక్క మిషనరీకే ఆపాదించడం సరికాదు. 1866లోనే బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య ఒంగోలుకు పడమరనున్న తాళ్లకొండపాడుకు చెందిన చర్మాల వ్యాపారి. అంతకుముందే ఆయన యోగ సంప్రదాయంలో గురువుగా గౌరవం పొందినవారు. కొత్త బోధ ఆయన బంధుత్వాల ద్వారా, శిష్యుల ద్వారా పల్లెపల్లెకూ చేరింది. అంటే కరవుకు పదేళ్ల ముందే ఆ సమాజంలో ఆధ్యాత్మిక అన్వేషణ, సొంత నాయకత్వం ఉన్నాయి.

కరవు మాత్రమే ఈ మార్పుకు కారణమని చెప్పలేం. కరవుకు సంబంధం లేదనీ చెప్పలేం. ఆకలి, గౌరవ కాంక్ష, స్థానిక సంస్కృతి మూడూ ఇందులో కలిసి పనిచేశాయి. సంక్షోభకాలపు విజయాలను అంచనా వేసేటప్పుడు చివరి సంఖ్యతో పాటు, దాన్ని సాధించే అవకాశం ఉన్నప్పుడు పాటించిన నిగ్రహాన్ని, పేర్లు నమోదు కాని వారి శ్రమను కూడా విద్యార్థులు పరిశీలించాలి.