కంఠము మారిన పెద్ద డ్రమ్ము

వాద్యములను తతము, అవనద్ధము, ఘనము, సుషిరము అని నాలుగు తెగలుగా భరతుని నాట్యశాస్త్రము విభజించినది. తీగపై పలుకునది తతము; చర్మము బిగించి మ్రోగించునది అవనద్ధము; లోహపు రేకులు ఒకదానితో నొకటి తాకి మ్రోగునది ఘనము; ఊపిరి నూదగా పలుకునది సుషిరము. వీణ, మృదంగము, తాళములు, వేణువు ఈ నాలుగింటికి మనమెల్లరము ఎరిగిన ఉదాహరణములు. అయితే ఈ విభాగము మన దేశపు టెల్లలు దాటి వెళ్లినదన్న సంగతి అంత ప్రచారములో లేదు. 1876లో కలకత్తా వాస్తవ్యుడైన శౌరీంద్రమోహన టాగూరు బెల్జియం రాజగు రెండవ లియోపోల్డునకు పెక్కు భారతీయ వాద్యములను కానుకగా పంపెను. బ్రస్సెల్స్ నగరమందలి వాద్యసంగ్రహాలయమునకు అధికారియైన మహియోన్ వాని నెరిగినవాడై, నాలుగు తెగల విభాగముననే తన పట్టికను కూర్చెను. 1914లో హార్న్‌బోస్టెల్, సాక్స్ అను పండితులు దానిని ఇంకను విస్తరింపజేసిరి. 1940లో సాక్స్ పండితునకు అయిదవ తెగ నొకదానిని చేర్చక తప్పలేదు. అది విద్యుద్వాద్యముల తెగ.

అవనద్ధముగా పుట్టి, ఈ అయిదవ తెగలోనికి కాపురము మార్చిన ఒక వాద్యపు కథను ఈ వ్యాసమున ముచ్చటింతును. అది పాశ్చాత్య బ్యాండులలోని పెద్ద డ్రమ్ము. వాడుకలో బేస్ డ్రమ్ అందురు. నేడు దీనిని కొందరు విప్పి, లోపల చిన్న విద్యుత్ పరికరమును అమర్చి, ఎలక్ట్రానిక్ కిక్ ప్యాడుగా మార్చుకొనుచున్నారు. కాలితో తన్నినచో డ్రమ్ము దాదాపు మ్రోగదు. ధ్వని వేరొక పెట్టెనుండి వచ్చును. కంఠము తీసివేసిన తరువాత అది డ్రమ్మగునా, కాదా? చరిత్ర నడిగిన గాని ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు.

ఈ డ్రమ్మునకు పూర్వీకుడు తురుష్కసైన్యపు దావుల్. ఆటోమన్ సుల్తానుల జానిసరీ దళములతో నడచు మెహతర్ బృందమున వాద్యకారుడు దానిని భుజమునకు తగిలించుకొని, ఒక ప్రక్క లావుపాటి కర్రతోను, రెండవ ప్రక్క సన్నని బెత్తముతోను వాయించెడివాడు. పారసీకమున దీనిని దుహుల్ అందురు. అక్బరు నగారాఖానాలోని వాద్యములను చెప్పుచు అబుల్ ఫజల్ తన అయినీ అక్బరీలో దుహులును పేర్కొనెను. నాదస్వరము ప్రక్కన మ్రోగు మన డోలు తలపునకు వచ్చినప్పుడు ఈ పేర్ల పోలిక చెవిని తాకక మానదు.

యుద్ధభూమిలో శత్రువును బెదరించిన ఆ ధ్వని 18వ శతాబ్దిలో ఐరోపావారికి మోజు గొలిపెను. మొదట సైనిక బ్యాండులలోనికి, పిదప సంగీతశాలలలోనికి అది ప్రవేశించెను. 1782లో మోజార్టు రచించిన తురుష్కాంతఃపుర కథగల సంగీతనాటకమునందును, 1794 నాటి హైడన్ నూరవ సింఫనీయందును, 1824 నాటి బీథోవెన్ తొమ్మిదవ సింఫనీ చివరి భాగమునందును పెద్ద డ్రమ్ము వినబడును. అనగా నలువదిరెండేండ్లలో అది పరాయి సైన్యపు గుర్తుగా నుండుట మాని, మానవసౌభ్రాత్రమును కీర్తించు గానమున పాలుపంచుకొన్నది. డ్రమ్ము మారలేదు, దానిని వినువారు మారిరి.

ఇక రెండవ మార్పు అమెరికాలో జరిగెను. వీధి ఊరేగింపులలో పెద్ద డ్రమ్మునకు ఒకడు, చిన్న డ్రమ్మునకు ఒకడు, తాళములకు ఒకడు ఉండెడివారు. నాటకశాలలలోను నాట్యశాలలలోను ముగ్గురికి చోటు దొరకుట కష్టము. ముగ్గురికి జీతమిచ్చుట యజమానులకు మరింత కష్టము. అందుచే ఒక్కడే రెండు డ్రమ్ములను దగ్గరగా పెట్టుకొని, చేతికర్రలను అటునిటు త్రిప్పి వాయింప మొదలిడెను. కాలితో వాయించు కొయ్య పరికరములు కొన్ని అప్పటికే యున్నను, వేగముగల కొత్త సంగీతమునకు అవి చాలకపోయెను. 1909లో చికాగో నగరమున విలియం లుడ్విగ్ అను డ్రమ్ము వాద్యకారుడు తన సోదరుడు థియోబాల్డుతో కలసి వేగముగా పనిచేయు లోహపు పెడలును తయారుచేసి అమ్మసాగెను. నాటితో పెద్ద డ్రమ్ము నేలపై ప్రక్కకు తిరిగి కూర్చుండెను. వాద్యకారుని చేతులకు విడుదల దొరకెను. కాలికి విద్య పట్టువడెను. ఈ వాద్యపు చరిత్రలో ఇది ముఖ్యఘట్టము. ఏలనన, పిదప జరిగిన మార్పులన్నింటను చెక్కుచెదరక నిలిచినది ఈ పాదమే.

చోటు తగ్గిన కొలది పరిమాణమును తగ్గెను. తొలినాళ్లలో 28 అంగుళముల వ్యాసము గల డ్రమ్ములుండగా, కాలక్రమమున 22 అంగుళములది సర్వసాధారణమయ్యెను. చిన్న జాజ్ బృందములవారు 18 అంగుళములతోనే తృప్తిపడిరి.

మూడవ మార్పు చర్మమునకు సంబంధించినది. తోలు వానకు వదులగును, ఎండకు బిగియును. మన దప్పు వాయించువారు మంటవద్ద కాచి శ్రుతికి తెచ్చుకొనుట అందరును చూచినదే. ఇదే బాధ పాశ్చాత్యులకును ఉండెను. 1956, 57 సంవత్సరములలో అమెరికాలో చిక్ ఇవాన్స్, రీమో బెల్లీ మున్నగువారు మైలార్ అను పాలియెస్టర్ పొరను తోలునకు బదులుగా అంగడికి తెచ్చిరి. అది చెమ్మకు లొంగదు. పశువు చర్మము పోయినది గనుక ఇది అవనద్ధము కాదని నాడు ఎవరును వాదింపలేదు. బిగించినది, కొట్టినచో మ్రోగినది; అదియే చాలునని లోకము ఒప్పుకొనెను.

నాలుగవ మార్పునకు బీజము 1880లోనే పడినది. ఆ యేట ఫ్రాన్సులో పియర్ క్యూరీ, జాక్ క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికములను ఒత్తినచో వానియందు విద్యుత్తు జనించునని కనుగొనిరి. దీనికే పీజో విద్యుత్తని పేరు. ఒత్తిడి విద్యుత్తగునేని దెబ్బయు విద్యుత్తగును. ఈ సూక్ష్మము డ్రమ్మునకు అన్వయించుటకు మాత్రము చాలకాలము పట్టినది. 1971లో మూడీ బ్లూస్ బృందపు డ్రమ్ము వాద్యకారుడు గ్రేమ్ ఎడ్జ్, ససెక్స్ విశ్వవిద్యాలయపు బ్రయన్ గ్రోవ్స్ నిర్మించి యిచ్చిన ఎలక్ట్రానిక్ డ్రమ్మును ఒక రికార్డునందు వాయించెను. 1976లో సిండ్రమ్ అను పరికరము విక్రయమునకు వచ్చెను. 1980లో రోజర్ లిన్ నిజమైన డ్రమ్ముల ధ్వనులనే నిక్షేపించిన యంత్రమును వెలువరించెను. 1981లో ఇంగ్లండునందు సిమన్స్ సంస్థవారి ఆరుకోణముల ప్యాడులు బయలుదేరెను. అవి చూపునకు ఇంపైనవే గాని, పైతలము గట్టి ప్లాస్టిక్కు. వాయించినవారిలో పలువురికి మణికట్లు నొచ్చెను. ధ్వని ఎంత నూతనమైనను, తిరిగి వచ్చు దెబ్బను దేహము సహింపవలెనన్న పాఠము అప్పుడు బోధపడినది.

1983లో మిడి అను ఉమ్మడి భాష ఏర్పడి, ఒక సంస్థ పరికరము మరొక సంస్థ పరికరముతో మాటాడగలిగెను. ఆ భాషలో దెబ్బబలమును 1 మొదలు 127 వరకు అంకెలతో తెలుపుదురు. 1997లో జపానుకు చెందిన రోలాండ్ సంస్థ, రీమో సంస్థ సహకారముతో, చర్మమునకు మారుగా సన్నని వలను బిగించిన ప్యాడులను తెచ్చెను. వలలోనుండి గాలి సాగిపోవును గనుక మ్రోత స్వల్పము. బిగువు ఉన్నది గనుక కర్ర సహజముగా పైకి లేచును. ఈ వలతోనే పాత డ్రమ్ములను మార్చుకొనుటకు దారి తెరచుకొన్నది.

మార్పు విధానము క్లిష్టమైనది కాదు. డ్రమ్ము పైపొరను విప్పి వలను బిగింతురు. లోపల అడ్డముగా ఒక పట్టీని అమర్చి, దానిపై పీజో బిళ్లను నిలుపుదురు. రూపాయి నాణెమును పోలిన ఈ ఇత్తడి బిళ్ల చవుకైన వస్తువు, బజరులలో వాడునట్టిదే. బిళ్లకును వలకును నడుమ నురుగురబ్బరు నుంచుదురు. పెడలు బీటరు తాకగా వల కదలును, నురుగు ఆ కదలికను బిళ్లకు అందించును, బిళ్ల విద్యుత్తును పుట్టించి తీగద్వారా మాడ్యూలునకు పంపును. అది దెబ్బబలమును గ్రహించి తగిన ధ్వనిని పలికించును. వల మిక్కిలి ఎగురుచున్నచో బీటరు మరల తగిలి ఒక దెబ్బ రెండుగా వినబడును. అందుకై వల వెనుక దట్టమైన నురుగుదిమ్మను ఆనించి ఎగురుటను తగ్గింతురు. ఒక దెబ్బ తరువాత కొన్ని మిల్లీసెకనులపాటు మరొక దానిని లెక్కింపకుండ మాడ్యూలును సరిచేయుదురు.

ఇంత శ్రమ యెందుకని అడుగవచ్చును. ఉద్యోగరీత్యా నలుదిక్కుల క్వార్టర్లలో గోడకు గోడ, కప్పుకు నేల ఆనుకొని కాపురముండు మనకు ఈ ప్రశ్న పరాయిది కాదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నివాసప్రాంతమున పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లను పరిమితిగా నిర్ణయించినవి. పూర్తి డ్రమ్ముసెట్టు దగ్గర నూరు డెసిబెళ్లు దాటును. సాధన లేనిదే విద్య రాదు. సాధన చేసినచో పొరుగువారికి నిద్ర రాదు. చెవిఫోనులు పెట్టుకొని వాయించు కిక్ ప్యాడు ఈ రెండింటికి సంధి కుదుర్చును. అయితే గాలిలో మ్రోత తగ్గినను పెడలు అదురు నేలలోనుండి క్రింది ఇంటికి దిగును. అందుకే టెన్నిసు బంతులపై పలకను నిలిపి, దానిపై వాద్యమునుంచు ఉపాయము వాద్యకారులలో వాడుకయైనది.

ఈ సంధికి మూల్యమును కలదు. నిజమైన డ్రమ్మునందు బీటరును పొరకు అదిమి ఉంచినచో ఒక నాదము, వెంటనే వదలినచో మరొక నాదము. సామాన్యమైన బిళ్ల దెబ్బ ఎంత గట్టిదో చెప్పును గాని, ఎట్టిదో చెప్పజాలదు. గాలి వచ్చి గుండెను తాకు అనుభూతి చెవిఫోనులలో దొరకదు. అందుచే ఇది సాధనకు మంచి స్నేహితుడే గాని, సభలో పాతడ్రమ్మునకు వారసుడని నేననజాలను.

ఇంకొక మాట గట్టిగా చెప్పవలసియున్నది. కొందరు లోతైన డ్రమ్మును నడుమకు కోసి రెండు ప్యాడులు చేయుచున్నారు. తీగ కొరకు పక్కబల్లకు రంధ్రము వేయుచున్నారు. కోసిన కొయ్య మరల అతుకదు. అంత అవసరమును లేదు. డ్రమ్మునకు గాలి వెడలుటకై సాధారణముగా ఒక చిన్న రంధ్రము ముందే యుండును. తీగను దానిలోనుండి తీయవచ్చును. లోపలి పట్టీని ఉన్న మరలకే బిగింపవచ్చును. అప్పుడు వలను విప్పి పాతపొరను బిగించిననాడు పాతగొంతు తిరిగి వచ్చును. ఇల్లు అద్దెకు తీసుకొన్నవాడు గోడలు పడగొట్టడు గదా! మన చేతికి వచ్చిన వాద్యమునందు మనమును అద్దెకున్నవారమే.

మొదటి ప్రశ్నకు ఇప్పుడు మరలుదము. భుజము నుండి నేలకు, చేతినుండి కాలికి, తోలునుండి పాలియెస్టరునకు, పొరనుండి వలకు ఈ డ్రమ్ము మారుచునే వచ్చినది. ప్రతి మార్పునకు కారణము చోటు, ఖర్చు, వాతావరణము, ఇరుగుపొరుగు. అనగా మనుష్యులు కలసి బ్రదుకవలసిన అవసరము. శాస్త్రకారులు దానిని అయిదవ తెగలో వ్రాసికొందురుగాక. సమయమునకు పడిన దెబ్బ ఇంకను మనుష్యునిదే గనుక, దానిని డ్రమ్మనుటకు నాకు సంకోచము లేదు.