పుట్ట ముందు భయం: మోపిదేవి నాగారాధన వెలుగులో ఉద్వేగాల పరిణామం, నాడీశాస్త్రం

వ్యాస సంగ్రహం

పామును చూడగానే ఒళ్లు జలదరించడం పుట్టుకతో వచ్చిందా, పెంపకంలో అబ్బిందా అన్నది ఉద్వేగాల అధ్యయనంలో పాత ప్రశ్న. పాముకాటు భయం ఏటా పొలాల్లోకి వచ్చే కృష్ణా జిల్లా దివిసీమలోనే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడు సర్పరూపంలో పూజలందుకుంటున్నాడు. పరిణామక్రమం మనిషికి ఇచ్చింది పామును చటుక్కున గుర్తుపట్టే అప్రమత్తతనేననీ, దాన్ని బెదురుగానో భయభక్తులుగానో దిద్దేది ఇల్లూ ఊరూ ఆచారమేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు నాడీశాస్త్ర ప్రయోగాలను, నాగుల చవితి ఆచారాన్ని పక్కపక్కన ఉంచి పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఉద్వేగం, అనుభూతి, సర్పభయం, అమిగ్డలా, పల్వినార్, నాగుల చవితి, మోపిదేవి, దివిసీమ

1. ఉపోద్ఘాతం

చార్లెస్ డార్విన్ ఒకసారి లండన్ జంతుప్రదర్శనశాలలో దళసరి అద్దానికి ముఖం ఆనించి నిలబడ్డాడు. అవతల విషసర్పం ఉంది. అది మీదికి లేచినా కదలకూడదని గట్టిగా అనుకున్నాడు. పాము అద్దాన్ని కొట్టగానే ఒకటి రెండు గజాలు వెనక్కి గెంతాడు. మనుషుల్లో, జంతువుల్లో ఉద్వేగాల వ్యక్తీకరణపై 1872లో ప్రచురించిన గ్రంథంలో ఈ సంగతి ఆయనే రాశాడు. అద్దం అడ్డుందని తెలిసినా, తన జీవితంలో ఎన్నడూ ఎదురుకాని ప్రమాదమైనా, ఆయన నిశ్చయం నిలవలేదు.

ఆ గెంతులో రెండు వేర్వేరు విషయాలున్నాయి. శరీరం వెనక్కి లాగింది. ‘భయమేసింది’ అని మనసుకు తెలిసింది. మొదటిదాన్ని ఉద్వేగమనీ రెండోదాన్ని అనుభూతి అనీ విడదీసి చూడాలని నాడీశాస్త్రవేత్త ఆంటోనియో డమాసియో వాదించాడు. ఈ వ్యాసం ఆ విభజననే అనుసరిస్తుంది. ఉద్వేగానికి కోట్ల ఏళ్ల చరిత్ర ఉంది. అనుభూతి మాత్రం ప్రతి మనిషిలోనూ కొత్తగా, తన వాళ్ల మధ్య రూపుకడుతుంది. ఈ రెండూ కలిసే చోటును గమనించడానికి మోపిదేవి కంటే తగిన క్షేత్రం తెలుగునేల మీద అరుదు.

2. క్షేత్రం: గుడీ పొలమూ

చల్లపల్లి, అవనిగడ్డల మధ్య ఉన్న మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడు సర్పం చుట్టలే పీఠంగా లింగరూపంలో ఉంటాడు. పుట్టలో నుంచి వెలసిన స్వామి అని స్థలపురాణం చెబుతుంది. సంతానం కోసం, సర్పదోష నివారణ కోసం దూరప్రాంతాల నుంచి జనం వస్తారు. పుట్టిన పిల్లలకు ఇక్కడే అన్నప్రాసన చేస్తారు, పుట్టువెంట్రుకలు తీయిస్తారు, చెవులు కుట్టిస్తారు. సుబ్రహ్మణ్యం, నాగేశ్వరరావు, నాగమణి వంటి పేర్లు కృష్ణా జిల్లాలో ఇంటింటా వినబడడం వెనుక ఈ నమ్మకం ఉంది. పక్కనే కృష్ణ ఒడ్డున పెదకళ్లేపల్లిలో దుర్గా నాగేశ్వరస్వామి ఆలయం ఉంది. ఒకే ప్రాంతంలో రెండు నాగక్షేత్రాలున్నాయంటే, ఇక్కడి జీవితంలో పాము ఎంత దగ్గరిదో అర్థమవుతుంది.

కార్తీక శుద్ధ చవితి నాడు పుట్ట దగ్గర జరిగేదాన్ని దగ్గర నుంచి చూడాలి. తల్లి తలస్నానం చేసి, ఉపవాసంతో, పిల్లవాణ్ని చేయి పట్టుకుని తీసుకొస్తుంది. పసుపు, కుంకుమ చల్లి, చిమ్మిలి, చలిమిడి, వడపప్పు పెడుతుంది. తర్వాత పాలగిన్నె పిల్లవాడి చేతికిచ్చి, ఆ చేతిని తన చేత్తో పట్టి పుట్ట కంతలోకి పోయిస్తుంది. లోపల పాము ఉందని వాడికి చెప్పే ఉంటారు. వాడు కంతలోకి చూస్తాడు, వెంటనే అమ్మ ముఖంలోకి చూస్తాడు. ఆమె ముఖంలో బెదురు ఉండదు. తెలియక కాలు పడితే పగపెట్టుకోవద్దని, తోవలో ఎదురైతే తొలగిపొమ్మని పాముకు మొక్కుకుంటూ ఉంటుంది. ఆఖర్న కాస్త పుట్టమన్ను తీసి వాడి చెవులకు రాస్తుంది. కంతలోకీ అమ్మ ముఖంలోకీ సాగిన ఆ రెండు చూపులే ఈ వ్యాసానికి కీలకం.

నాగుల చవితి దాటిన కొద్ది వారాలకు సార్వా కోతలు వస్తాయి. గట్లలో ఎలుక కలుగులుంటాయి. ఎలుకల వెంట పాములు చేరతాయి. కోసి పరిచిన పనల కింద రక్తపింజర ముడుచుకుని ఉండవచ్చు. రాత్రిపూట నేల మీద పడుకున్న వాళ్ల పక్కలోకి కట్లపాము వస్తుంది. దాని కాటు చాలాసార్లు నొప్పి కూడా పుట్టించదు. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు వరుసగా నమోదై అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రికి బాధితుల తాకిడి పెరిగింది. ఆ నెలాఖరులో మోపిదేవి ఆలయంలో సర్పశాంతి యాగం జరిగింది. ఒకే భయం జనాన్ని ఆసుపత్రికీ గుడికీ కూడా నడిపించింది.

3. పరిణామ నేపథ్యం

క్షీరదాలకు పాము అతి పాత శత్రువు. ఈ శత్రుత్వమే కోతుల, మానవుల పూర్వీకుల కంటిచూపును పదును పెట్టిందని మానవశాస్త్రవేత్త లిన్ ఇస్బెల్ 2006లో ప్రతిపాదించింది. ఆకుల్లో కదలకుండా కలిసిపోయి ఉన్న విషసర్పాన్ని ముందుగా గుర్తుపట్టిన జీవి బతికింది, పిల్లల్ని కన్నది. ప్రాణాంతక విషసర్పాలు లేని మడగాస్కర్ దీవిలోని లెమూర్లకు చూపు అంత చురుకుగా లేకపోవడాన్ని ఆమె ఇందుకు ఒక ఆధారంగా చూపింది.

2013లో జపాన్ పరిశోధకులు ఇస్బెల్‌తో కలిసి ఈ ప్రతిపాదనను మెదడులోనే పరీక్షించారు. పాములను చూసి ఎరగని మకాక్ కోతుల మెదళ్లలో, ఇంద్రియ సమాచారాన్ని చేరవేసే థాలమస్‌లోని పల్వినార్ అనే భాగపు నాడీకణాల స్పందనను నమోదు చేశారు. ముఖాలు, చేతులు, రేఖాకృతులు, పాములు బొమ్మలుగా చూపినప్పుడు, స్పందించిన కణాల్లో సుమారు 40 శాతం పాము బొమ్మకే అన్నిటికన్నా బలంగా స్పందించాయి, అదీ మిగతావాటి కంటే త్వరగా.

మరి పసిపిల్లల మాటేమిటి? పాము బొమ్మ చూసినప్పుడు ఆరు నెలల శిశువుల కంటిపాపలు, చేప బొమ్మ చూసినప్పటి కంటే ఎక్కువగా విచ్చుకుంటాయని 2017లో స్టెఫానీ హోల్ బృందం చూపింది. 2009లో జూడీ డిలోష్, వెనెసా లోబ్యూ ఏడాది అటూ ఇటూ వయసు పిల్లలకు పాముల వీడియోలు చూపారు. పిల్లలు జడుసుకోలేదు. అయితే బెదిరిన గొంతు వినిపించినప్పుడు, సంతోషంగా ఉన్న గొంతు వినిపించినప్పటి కంటే ఎక్కువసేపు పాము వైపు చూశారు. వేరే జంతువుల విషయంలో ఈ తేడా కనబడలేదు. అంటే పుట్టుకతో ఉన్నది భయం కాదు, పాము మీద నిలిచే ధ్యాస. ఆ ధ్యాసకు ఏ గొంతు తోడైతే అది అలా మలుపు తిరుగుతుంది.

సుసాన్ మినెకా, మైకేల్ కుక్ 1980లలో రీసస్ కోతులపై చేసిన ప్రయోగాలు ఈ మాటనే బలపరుస్తాయి. ప్రయోగశాలలో పెరిగిన కోతులకు పామంటే భయం లేదు. పామును చూసి హడలిపోతున్న మరో కోతిని చూశాక అవీ భయపడడం నేర్చుకున్నాయి. తర్వాత, అదే హడలు పూలను చూసి కలిగినట్టు మార్చిన వీడియోలు చూపారు. పూలంటే భయం మాత్రం పుట్టలేదు. దేన్ని త్వరగా నేర్చుకోవాలో పరిణామం ముందే కొంత నిర్ణయించింది. నేర్చుకునే పని మాత్రం పక్కవాళ్లను చూసే జరుగుతుంది.

4. మెదడులో భయం దారులు

కణతల వెనుక లోతుగా, బాదంగింజ ఆకారంలో అమిగ్డలా ఉంటుంది. ప్రమాద సంకేతం అందగానే గుండె వేగాన్ని, చెమటను, కండరాల బిగువును మార్చే ఆజ్ఞలకు ఇది కూడలి. ఎలుకలపై చేసిన పరిశోధనలతో జోసెఫ్ లెడూ రెండు మార్గాలను వివరించాడు. థాలమస్ నుంచి నేరుగా అమిగ్డలాకు వెళ్లేది అడ్డదారి. వేగమెక్కువ, వివరం తక్కువ. మెదడు పైపొర అయిన కార్టెక్స్ గుండా వెళ్లేది చుట్టుదారి. కాస్త ఆలస్యమైనా స్పష్టత ఎక్కువ. గట్టు మీద తాడుముక్కను చూసి ముందు ఉలిక్కిపడి, తర్వాత తాడేనని ఊపిరి పీల్చుకోవడంలో ఈ రెండు దారుల వ్యవధి ఉంది. మానవుల్లో ఈ మార్గాలు రెండే కావనీ, కార్టెక్స్‌తో అల్లుకున్న అనేక దారులున్నాయనీ లూయిజ్ పెసోవా, రాల్ఫ్ అడాల్ఫ్స్ 2010లో సవరణ చేశారు.

అమిగ్డలాయే భయానికి నిలయమా? ‘ఎస్.ఎం.’ అనే పొడి అక్షరాలతో శాస్త్రలోకానికి తెలిసిన ఒక మహిళకు అరుదైన జన్యువ్యాధి వల్ల రెండు వైపులా అమిగ్డలా దెబ్బతింది. పాములంటే అసహ్యమని చెప్పే ఆమెను పరిశోధకులు పాములమ్మే దుకాణానికి తీసుకెళ్లారు. ఆమె పామును చేతుల్లోకి తీసుకుని, ఆసక్తిగా నిమిరింది. ప్రమాదకరమైనవాటిని కూడా ముట్టుకుంటానంది. ఈ పరిశీలన 2011లో వెలువడింది. రెండేళ్లకు అదే బృందం ఆమె చేత కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్న గాలి పీల్పించినప్పుడు, ఊపిరాడని ఆ క్షణంలో ఆమె తీవ్రంగా హడలిపోయింది. బయటి ప్రమాదాన్ని పసిగట్టడానికి అమిగ్డలా కావాలి. భయమనే అనుభూతికి మాత్రం అది తప్పనిసరి కాదు. లెడూ తన తర్వాతి రచనల్లో అమిగ్డలా మార్గాలను ప్రాణరక్షణ మార్గాలనే పిలవాలనీ, భయమనే ఎరుక కార్టెక్స్‌లో జ్ఞాపకం, భాష, స్వీయస్పృహ కలిసి కట్టేదనీ తేల్చాడు.

శరీరానికీ అనుభూతికీ ఉన్న లంకెను మన పూర్వులు మరో దారిలో గమనించారు. మోపిదేవికి దాపులోనే ఉన్న కూచిపూడిలో తరతరాలుగా అభ్యసించే అభినయానికి నాట్యశాస్త్రం ఆధారం. అందులో భయం ఒక స్థాయీభావం. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అనే ఎనిమిది సాత్త్వికభావాలున్నాయి. కొయ్యబారడం, చెమట, గగుర్పాటు, గొంతు జీర, వణుకు, పాలిపోవడం, కన్నీరు, స్పృహ తప్పడం: ఈ మార్పుల్లో చాలావాటిలో నేటి శరీరశాస్త్రం స్వయంచాలిత నాడీవ్యవస్థ పాత్రను గుర్తిస్తుంది. శరీరంలోని మార్పులను గ్రహించడమే ఉద్వేగానుభవమని 1884లో విలియం జేమ్స్ వాదించడానికి ఎన్నో శతాబ్దాల ముందే, ఒళ్లు చూపే గుర్తుల ద్వారానే ప్రేక్షకుడికి భావం అందుతుందని నాట్యాచార్యులు గుర్తించారు.

5. బెదురు నుంచి భయభక్తులకు

పుట్ట దగ్గర పిల్లవాడు అమ్మ ముఖంలోకి చూసిన చూపుకు ఇప్పుడు అర్థం దొరుకుతుంది. మినెకా, కుక్ 1986లో మరో ప్రయోగం చేశారు. పాము పక్కన నింపాదిగా ఉన్న కోతిని ముందుగా చూపించి, ఆ తర్వాత హడలిపోయే కోతిని చూపించారు. ముందు నింపాదిని చూసిన కోతుల్లో ఎక్కువ భాగం తర్వాత ఆ హడలును అంటించుకోలేదు. దీన్ని వాళ్లు టీకాతో పోల్చారు. నాగుల చవితి నాడు తల్లి తన బిడ్డకు, తనకు తెలియకుండానే, ఇలాంటి టీకా వేస్తోందని నా అభిప్రాయం. పాము ఉందని చెబుతుంది, దాని శక్తిని తగ్గించి చెప్పదు, అయినా దాని ముందు తాను చెదరదు.

చేయి పట్టుకోవడం కూడా చిన్న సంగతి కాదు. విద్యుత్ షాక్ రాబోతోందని ఎదురుచూస్తున్న మహిళలు భర్త చేయి పట్టుకున్నప్పుడు, ప్రమాదానికి స్పందించే మెదడు భాగాల చురుకు తగ్గిందని జేమ్స్ కోన్ 2006లో చూపాడు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు 2010లో, పాములంటే భయపడే వారిని స్కానర్‌లో ఉంచి, బతికున్న పామును దగ్గరికి జరుపుకోవాలో దూరంగా నెట్టాలో వాళ్లకే వదిలేశారు. భయాన్ని అణచుకుని దగ్గరికి జరుపుకున్న క్షణాల్లో నుదుటి వెనుక, మెదడు మధ్యరేఖ పక్కనున్న ఒక ప్రాంతం చురుకైంది. ధైర్యమంటే భయం లేకపోవడం కాదని, భయాన్ని లోబరుచుకునే మరో నాడీవ్యవస్థ పనిచేయడమని దీనివల్ల తెలుస్తోంది. పాత భయం చెరిగిపోదు. దాని మీద కొత్త పాఠం పేరుకుంటుంది. ఏటా చవితి రావడం ఆ పాఠాన్ని తిరగవేయడమే.

మారిషస్‌లో మరాఠీ హిందూ మహిళలపై జరిగి 2020లో వెలువడిన పరిశోధనలో, ఆందోళన కలిగించే పని అప్పగించాక, అలవాటైన పూజ చేసుకున్న వారిలో ఆందోళన తగ్గినట్టు గుండె లయ కొలతలు చూపాయి. అలాంటి కొలతలు మోపిదేవి పుట్ట దగ్గర, తల్లీబిడ్డల మీద, చవితికి ముందూ తర్వాతా జరగవలసి ఉంది. ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల మనస్తత్వశాస్త్ర విభాగాలకు ఇంతకంటే సొంతమైన పరిశోధనాంశం దొరకదు.

6. ఉపసంహారం

పరిణామం భయాన్ని ఇన్ని కోట్ల ఏళ్లు కాపాడుకుంటూ వచ్చింది, అది ప్రాణిని సరైన పనికి పురికొల్పింది గనుకనే. కాబట్టి ఒక సమాజం తన భయాన్ని ఎంత బాగా దిద్దుకుందో తేల్చడానికి ఒకే పరీక్ష ఉంది: ప్రమాదం ముంచుకొచ్చిన గంటలో ఆ సమాజం ఏం చేస్తుంది?

2000 నుంచి 2019 వరకు భారతదేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58 వేల మంది, చనిపోయారని 2020లో ప్రచురితమైన అధ్యయనం అంచనా వేసింది. అత్యధిక మరణాలు గ్రామాల్లోనే. తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషానికీ విరుగుడు మందు ఉంది. అది పనిచేయాలంటే మనిషి వేళకు ఆసుపత్రి చేరాలి. కాటు పడ్డ చోట కోయడం, బిగించి కట్టడం, మంత్రం కోసం గంటలు పోగొట్టుకోవడం ప్రాణాంతకం. కరిచిన అవయవాన్ని కదలనివ్వకుండా, ఉంగరాలు, గాజులు తీసేసి, కంగారు పడకుండా బయల్దేరడమే చేయవలసింది.

ఆ కంగారు పడకపోవడాన్నే పుట్ట ముందు తల్లి బిడ్డకు నేర్పుతోంది. బెదరని మనసును ఇవ్వడం ఆచారం చేయగల పని. విషాన్ని విరవడం ఆచారం వల్ల అయ్యే పని కాదు. చవితి నాడు పాలగిన్నెతో పాటు ఈ రెండో మాటను కూడా పిల్లలకు అందించాలి: పామును గౌరవించు, చీకట్లో దీపం పట్టుకుని నడువు, కాటు పడితే ముందు ఆసుపత్రికి వెళ్లు. పూర్వీకుల నుంచి సంక్రమించిన అప్రమత్తతకు అమ్మ నేర్పిన నిబ్బరం, వైద్యం నేర్పిన తెలివిడి తోడైనప్పుడే దివిసీమ పిల్లవాడి భయం, పరిణామం దాన్ని దేనికోసం నిలిపిందో, ఆ పని చేస్తుంది. అంటే వాణ్ని బతికిస్తుంది.