17 చుక్కల నుంచి మా రేకుల షెడ్డు దాకా

ఇవాళ టేబుల్, మైకు, వెనక పుస్తకాల బీరువా ఏమీ లేవు. నా వెనక కనిపిస్తున్నది మా ఇంటి వెనక ఉన్న రేకుల షెడ్డు. మా నాన్న వడ్రంగి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన ఇందులోనే గుమ్మాలు, తలుపులు, దేవుడి మందిరాలు చేస్తున్నారు. ఆ గోడ మీద ఉన్నవి ఆయన ఉలులు, పక్కనే బాడిస, చిత్రిక. వాటి కింద బల్ల మీద, కేబుళ్లు వేలాడుతూ ఉంది చూశారా, అది నెల కిందట నేను బిగించిన సీఎన్‌సీ రౌటర్. ఫోన్‌లో చూస్తున్నవాళ్లు కాస్త జూమ్ చేసుకోండి.

పార్శిల్ విప్పిన రోజు నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, "దీనికి పని నేర్పింది ఎవర్రా?" అని అడిగారు. "కంప్యూటర్ నాన్నా" అన్నాను. "మరి కంప్యూటర్‌కి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని వెతకడం మొదలుపెట్టాను. వెతికితే ఆ కథ మొదలైంది కూడా చెక్క పనిలోనే.

రెండో ప్రపంచ యుద్ధ కాలం. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, ట్రావర్స్ సిటీ అనే చిన్న ఊరు. అక్కడ జాన్ పార్సన్స్ అనే ఆయన తన తండ్రి కంపెనీలోనే పని చేసేవాడు. హెలికాప్టర్ అప్పుడే కొత్తగా వచ్చింది. సికోర్‌స్కీ కంపెనీ ఆ హెలికాప్టర్ రెక్కల లోపల ఉండే చెక్క భాగాలు చేసే పని వీళ్లకి ఇచ్చింది. మధ్యలో పొడవాటి స్టీలు గొట్టం, దానికి వరసగా చెక్క పక్కటెముకలు, పైన తొడుగు. అప్పట్లో రెక్క అలా ఉండేది. ఆ పక్కటెముక వంపు ఎలా ఉండాలో చెప్పడానికి సికోర్‌స్కీ వాళ్లు పంపింది ఏంటో తెలుసా? 17 చుక్కలు. అంతే. ఆ చుక్కల్ని వంపు స్కేలుతో కలిపి గీత గియ్యాలి, గీత ప్రకారం చెక్కతో అచ్చు చెయ్యాలి, ఆ అచ్చులో నొక్కి ముక్కలు వంచాలి.

మనకి ఇది కొత్త కాదు కదా. సంక్రాంతికి అమ్మ వాకిట్లో చేసేది అదే. చుక్కలు అందరూ పెడతారు. రెండు చుక్కల మధ్య వంపు ఎలా తిరగాలో మాత్రం చేతికే తెలుసు. ముగ్గు కాస్త వంకర పోతే అమ్మ నవ్వుకుంటుంది. హెలికాప్టర్ రెక్క వంకర పోతే మనుషులు పోతారు.

ఇక్కడ ఇంకో మనిషి వస్తాడు, ఫ్రాంక్ స్టూలెన్. 1946లో పార్సన్స్ దగ్గర ఇంజనీర్‌గా చేరాడు. లెక్కలు వెయ్యడానికి ఐబీఎం పంచ్ కార్డు మెషీన్లు వాడదాం అన్నది ఈయనే. చిల్లులు పెట్టిన అట్టముక్కలన్నమాట. 1804లో ఫ్రాన్స్‌లో జకార్డ్ తన మగ్గం మీద డిజైన్లు నేయడానికి వాడినవి కూడా చిల్లుల అట్టలే. ఈ లెక్కలతో 17 చుక్కల బదులు 200 చుక్కలు వచ్చాయి. చుక్కలు అంత దగ్గరగా ఉంటే వంపు స్కేలుతో ఊహించాల్సింది దాదాపు ఏమీ మిగలదు.

తర్వాత కట్ చేసే పద్ధతి నాకు చాలా ఇష్టం. మిల్లింగ్ మెషీన్ దగ్గర ముగ్గురు మనుషులు. ఒకడు కాగితం మీద నంబర్లు గట్టిగా చదువుతాడు. ఇంకొకడు అడ్డం చక్రం అంతే తిప్పుతాడు, మూడోవాడు నిలువు చక్రం అంతే తిప్పుతాడు. కట్. మళ్లీ నంబర్. మళ్లీ కట్. ఈ ముగ్గురినీ తీసేసి మోటార్లు పెడితే ఎలా ఉంటుందని పార్సన్స్‌కి వచ్చిన ఆలోచనే సీఎన్‌సీ.

ఇది చదివాక నా మెషీన్ నాకు అర్థమైంది. నిజం చెప్తున్నా, అంతకుముందు వీడియోలు చూసి బిగించాను గానీ ఏ ముక్క ఎందుకుందో తెలీదు. మొదటి రోజు 100 మిల్లీమీటర్లు జరగమంటే అది 39 జరిగింది! రెండు గంటలు స్క్రూలు విప్పి బిగించాను. తప్పు స్క్రూలో లేదు. చక్రం తిప్పేవాడికి ఎంత తిప్పాలో నేను తప్పు చెప్పాను. ఇందులో ఉన్న స్టెప్పర్ మోటారు ఒక చుట్టుకి 200 అడుగులు వేస్తుంది. డ్రైవర్ ఒక్కో అడుగునీ 16 చిన్న అడుగులు చేస్తుంది, అంటే చుట్టుకి 3200. నా బాల్ స్క్రూ ఒక చుట్టుకి 5 మిల్లీమీటర్లు జరుపుతుంది. 3200ని 5తో భాగిస్తే మిల్లీమీటరుకి 640 అడుగులు. సాఫ్ట్‌వేర్‌లో మొదటి నుంచీ ఉన్న అంకె 250. ఆ ఒక్క అంకె మార్చగానే 100 అంటే 100 జరిగింది.

ఫ్రేమ్ విషయంలో మాత్రం నా లెక్కలు పనికి రాలేదు. నాలుగు మూలల్లోనూ మూలమట్టం పెట్టి చూశాను, బాగానే ఉందనుకున్నాను. నాన్న టేపు తీసి, "మూల నుంచి మూలకి పట్టు" అన్నారు. రెండు అడ్డకొలతలకీ 4 మిల్లీమీటర్ల తేడా. ద్వారబంధం బిగించేటప్పుడు ఆయన రోజూ చేసే పనే అది. తర్వాత కింద ఎండీఎఫ్ షీటు వేసి, రౌటర్‌తోనే దాని పైభాగం మొత్తం చదును చేశాను. నాన్న దాని మీద గోరు అడ్డంగా లాగి, "మెట్లు తగుల్తున్నాయి" అన్నారు. నా కంటికి ఏమీ కనపడలేదు. స్పిండిల్ ఒక పక్కకి వెంట్రుకవాసి వాలి ఉంది. కాగితం ముక్క మడిచి వెనక పెడితే సరిపోయింది.

సరే, పార్సన్స్ దగ్గరికి వెళ్దాం. 1949లో అమెరికా వైమానిక దళం ఆయనకి కాంట్రాక్టు ఇచ్చింది. మోటార్లని అంత కచ్చితంగా నడిపే విద్య తన దగ్గర లేదు కాబట్టి ఎంఐటీలో సర్వోమెకానిజమ్స్ ల్యాబ్‌ని సాయం అడిగాడు. వాళ్లు వచ్చారు, పని బ్రహ్మాండంగా చేశారు, ప్రాజెక్టు నెమ్మదిగా వాళ్ల చేతుల్లోకి వెళ్లిపోయింది. 1952లో ఎంఐటీలో మెషీన్‌ని లోకానికి చూపించారు. దాన్ని నడిపే ఎలక్ట్రానిక్స్‌కి ఫ్రిజ్ సైజు బీరువాలు ఐదు పట్టాయి. ఆలోచన పుట్టించిన మనిషి అప్పటికే పక్కకి జరిగిపోయాడు. 1958లో పేటెంట్ మాత్రం పార్సన్స్‌కి వచ్చింది. ఆయనకీ స్టూలెన్‌కీ అమెరికా ప్రభుత్వం నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ ఇచ్చింది 1985లో. అప్పటికి ఎన్నేళ్లయిందో మీరే లెక్కేసుకోండి.

1959లో ఎంఐటీ వాళ్లు ఏపీటీ అనే ప్రోగ్రామింగ్ భాషని ప్రెస్ ముందు పెట్టి, దాంతో చేసిన అల్యూమినియం యాష్‌ట్రేలు పంచారు. తర్వాత మెషీన్‌కి ఇచ్చే ఆదేశాలని ఆర్ఎస్-274 అనే స్టాండర్డ్‌గా పెట్టారు. మనం జీ-కోడ్ అంటున్నది అదే. జీ21 అంటే మిల్లీమీటర్లు, జీ20 అంటే అంగుళాలు. ఫైల్ మొదట్లో ఆ లైన్ ఒకసారి చూసుకోండి. నేను చూడకుండా ఒక బిట్టు విరగ్గొట్టాను.

ఇప్పుడు నాన్న ప్రశ్న దగ్గరికి వద్దాం. అదే సమయంలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంకో దారి పట్టింది. దాన్ని రికార్డ్ ప్లేబ్యాక్ అనేవారు. అనుభవం ఉన్న పనివాడు మెషీన్ మీద ఒక వస్తువు చేస్తాడు. అతని చేతి కదలికలన్నీ టేపు మీద రికార్డవుతాయి. తర్వాత మెషీన్ ఆ టేపు చూసి అదే పని మళ్లీ మళ్లీ చేస్తుంది. అంటే అందులో గురువు పనివాడే. ఆ దారి ఎక్కువ దూరం పోలేదు. నంబర్లే గెలిచాయి.

ఎందుకు? విమానం రెక్కల్లాంటి క్లిష్టమైన వంపులు చేత్తో ఎంత బాగా చేసినా కచ్చితంగా రావు, కాబట్టి లెక్కలే మేలు అన్నది ఒక వాదన. అది అబద్ధం కాదు. డేవిడ్ నోబుల్ అనే చరిత్రకారుడు 1984లో రాసిన పుస్తకంలో ఇంకో కారణం చెప్తాడు. టేపులో పనివాడి చెయ్యి ఉన్నంతకాలం పని మీద పట్టు పనివాడిదే, అది షెడ్డు నుంచి ఆఫీసుకి మారాలని మేనేజ్‌మెంట్లు కోరుకున్నాయి అని. నాకైతే రెండూ నిజమే అనిపిస్తోంది. కానీ మా షెడ్డులో నిలబడి చదివితే రెండోదే ఎక్కువ గుచ్చుకుంది. ఇప్పుడు మా దగ్గరికి వచ్చేవాళ్లు ఫోన్‌లో బొమ్మ చూపించి "సీఎన్‌సీ డిజైన్ కావాలి" అంటున్నారు. నాన్నని అడగడం లేదు. నేను ఈ మెషీన్ కొన్నది కూడా ఆ భయంతోనే.

ఇంత ఖరీదైన వస్తువు ఇంటికి ఎలా వచ్చిందో రెండు ముక్కల్లో చెప్తాను. ప్లైవుడ్ పడవలు చేసుకోవాలనుకున్న టెడ్ హాల్ అనే ఆయన 1990లలో షాప్‌బాట్ మొదలుపెట్టి చిన్న వర్క్‌షాపులకి రౌటర్లు అమ్మాడు. 2009లో నార్వేకి చెందిన సిమెన్ స్వాలె స్కోగ్స్‌రుడ్ జీఆర్‌బీఎల్ అనే ప్రోగ్రామ్ రాసి ఫ్రీగా ఇచ్చేశాడు. 32 కేబీ మెమరీ ఉన్న ఆర్డ్యునో బోర్డులో అది సరిపోతుంది. ఐదు బీరువాలు మన అరచేతిలోకి వచ్చాయి.

పోయిన వారం మొదటి అసలు పని పెట్టాను. టేకు తలుపు మీద తామరపువ్వు. మూడు గంటలు నడిచింది. దుమ్ము దులిపి చూస్తే రేకుల కొనల్లో నార లేచిపోయి, పిల్లి గీకినట్టుంది. నాన్న వేలు పెట్టి చూశారు. "నారకి అడ్డంగా గీకావు, లేవదా మరి?" అన్నారు. సాఫ్ట్‌వేర్‌కి నేను పువ్వు కొలతలన్నీ ఇచ్చాను. చెక్క ఎటు పెరిగిందో చెప్పలేదు.

నిన్న రెండో పలక బిగించాను. నాన్న చెవి మీద పెన్సిల్ తీసి, పలక మీద నాలుగు చోట్ల బాణం గుర్తులు గీశారు. ఒక రేకు దగ్గర ముడి ఉంది, అక్కడ బాణం వెనక్కి తిప్పారు. ఆ బాణాలు చూసుకుంటూ ఫినిషింగ్ పాస్ దారి మార్చి, ముడి ఉన్న రేకుని విడిగా ప్రోగ్రామ్ చేశాను. ఫైల్‌కి పేరు పెట్టమంటే నాన్న పేరే పెట్టాను. స్టార్ట్ నొక్కబోతుంటే ఆయన ఆగమని, అడ్డకొలత టేపు తెచ్చి ఇంకోసారి చూశారు. తేడా లేదు. "ఇప్పుడు తిప్పు" అన్నారు.