పరిశోధనకు సర్కారు సొమ్ము: గ్రాంటా, వాటానా, వడ్డీ లోనా?

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల చిన్న యూనిట్లు నడిపేవాళ్లు కొత్త సరుకు తయారు చేయాలంటే బ్యాంకు అప్పే దారి అనుకుంటారు. సూద్ వద్దనుకునే కుటుంబాలు అక్కడే ఆగిపోతాయి. కానీ కేంద్ర పథకాల్లో తిరిగి కట్టక్కర్లేని గ్రాంట్లు కూడా ఉన్నాయి.

నమూనా దశ: వస్తువు రూపంలో ఉండే నమూనాకు ‘నిధి ప్రయాస్’ కింద 10 లక్షల వరకు గ్రాంట్ వస్తుంది. మందులు, వైద్య పరికరాలు, బయోటెక్ ఆలోచన అయితే బైరాక్ వారి ‘బిగ్’ పథకం ఉంది. ఇందులో 18 నెలల పనికి 50 లక్షల వరకు ఇస్తారు. శామీర్‌పేట మండలం తుర్కపల్లిలోని ఐకేపీ నాలెడ్జ్ పార్క్ దీనికి భాగస్వామి సంస్థ.

కొత్త కంపెనీ: 2021లో మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో నమూనాకు, ట్రయల్స్‌కు 20 లక్షల వరకు గ్రాంట్. మార్కెట్లోకి వెళ్లడానికి ఇచ్చే 50 లక్షల వరకు సొమ్ము మాత్రం అప్పు లేదా కన్వర్టబుల్ డిబెంచర్ రూపంలో ఉంటుంది. రెండూ ఒకటే అనుకుని సంతకం పెట్టొద్దు.

పాత యూనిట్: ‘ఎంఎస్‌ఎంఈ ఇన్నోవేటివ్’లో హోస్ట్ సంస్థ ద్వారా ఒక్కో ఆలోచనకు 15 లక్షల వరకు సాయం. సరుకు మార్కెట్‌కు సిద్ధమైతే టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు ఉంది. దాని లోన్‌పై 5 శాతం సాధారణ వడ్డీ. అదే బోర్డు వాటా పెట్టుబడి కూడా పెడుతుంది. లాభనష్టాల్లో పాలు పంచుకునే పద్ధతి కావాలంటే ముందు దాని గురించే అడగాలి.

వరుస ముఖ్యం: వేరే సర్కారు పథకం నుంచి 10 లక్షలకు మించి నగదు సాయం తీసుకున్న కంపెనీకి సీడ్ ఫండ్ రాదు. అంటే ముందు ‘బిగ్’ కింద 50 లక్షలు తీసుకుంటే ఈ తలుపు మూసుకుపోతుంది. ప్రయాస్ సొమ్ము 10 లక్షలు దాటదు కాబట్టి ఆ ఒక్కటితో ఇబ్బంది లేదు.

కాగితాలు: సీడ్ ఫండ్‌కు డీపీఐఐటీ గుర్తింపు కావాలి, కంపెనీ పెట్టి రెండేళ్లు దాటకూడదు. ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంటే సరిపోదు. ఒక్కరి పేరున నడిచే ప్రొప్రైటర్‌షిప్ షాపులకు ఈ గుర్తింపు ఇవ్వరు. నాన్నగారి పాత వ్యాపారాన్ని విడగొట్టి కొత్త పేరు పెట్టినా ఒప్పుకోరు.

దరఖాస్తుకు ముందు ఆ పథకం ఇప్పుడు తెరిచి ఉందో లేదో దాని వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. వడ్డీ విషయంలో సందేహముంటే ఒప్పంద పత్రం చేతిలో పెట్టుకుని తెలిసిన ఆలిమ్‌ను, చార్టర్డ్ అకౌంటెంట్‌ను ఇద్దరినీ అడగడం మంచిది.